పుట్టిన ఊరా? పెట్టిన ఊరా?

విజయనగరం పేరు ఎత్తగానే మన సభల్లో వక్తల నోట ఒక మాట అప్రయత్నంగా దొర్లుతుంది: "ఆ మట్టిలోనే ఏదో మహత్తు ఉన్నదండీ!" హంపీ విజయనగరం సంగతి కాదు నేను చెబుతున్నది. ఉత్తరాంధ్రలోని పూసపాటివారి విజయనగరం సంగతి. గురజాడవారి నాటకం, ఆదిభట్లవారి హరికథ, ద్వారంవారి ఫిడేలు, ఘంటసాలవారి గళం, సుశీలగారి పాట. ఈ అయిదింటినీ ఒక్క గుక్కలో ఏకరువు పెట్టి, వాటికి "కళలకు కాణాచి, విద్యలకు పుట్టినిల్లు" అని రెండు విశేషణాలు తగిలించి, చివర మట్టికి ఒక నమస్కారం పెట్టి వక్త కూర్చుంటాడు. చప్పట్లు మోగుతాయి. శాలువాలు కప్పుతారు. అందరూ ఇళ్లకు పోతారు.

వినడానికి ఇంపైన మాటే. కాని అసత్యం. అసత్యమైనంత మాత్రాన నాకు ఇంత పట్టింపు ఉండేది కాదు. పొగడ్తలో అతిశయోక్తి అలంకారమేనని మన ఆలంకారికులే అన్నారు. ఈ మాట వల్ల అపకారం జరుగుతున్నది కనుక ఖండించవలసి వస్తున్నది. మహత్తు మట్టిలో ఉన్నదంటే, ఇక మనుషులు చేయవలసినది ఏమీ మిగలదు. మట్టి ఎక్కడికీ పోదు. వాన పడితే మొలకెత్తినట్టు కాలం వస్తే మరొక ఘంటసాల మొలుస్తాడని నిశ్చింతగా కూర్చోవచ్చు. ఈ నిశ్చింతే మన వారసత్వానికి పట్టిన చెద.

ముందుగా మట్టి లెక్క తేల్చుదాం.

గురజాడ అప్పారావుగారు పుట్టినది విజయనగరంలో కాదు, ఎలమంచిలి దగ్గరి రాయవరంలో, మాతామహుల ఇంట. ఆదిభట్ల నారాయణదాసుగారు 1864లో పుట్టినది బొబ్బిలి ప్రాంతపు అజ్జాడలో. ద్వారం వేంకటస్వామినాయుడుగారు 1893లో పుట్టినది ఏకంగా బెంగుళూరులో, పెరిగినది విశాఖపట్నంలో. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు 1922లో పుట్టినది కృష్ణా జిల్లా గుడివాడ తాలూకా చౌటపల్లిలో. ఆయనకు సంగీతం చెప్పిన పట్రాయని సీతారామశాస్త్రిగారిని లోకం "సాలూరు చిన గురువుగారు" అనే పిలుచుకున్నది. 'శంకరాభరణం' శంకరశాస్త్రిగా దేశమంతా ఎరిగిన జె.వి. సోమయాజులుగారిది శ్రీకాకుళం జిల్లా. ఇంతమందిలో అచ్చంగా ఆ ఊళ్లోనే పుట్టి, ఆ ఊళ్లోనే చదువుకున్నవారు 1935లో జన్మించిన పి. సుశీలగారు ఒక్కరే కనిపిస్తున్నారు.

మరి మహత్తు ఏ మట్టిది? బెంగుళూరుదా? చౌటపల్లిదా? రాయవరానిదా? మట్టి వాదాన్ని పట్టుకుంటే విజయనగరం ఆస్తిలో ముప్పాతిక వంతు ఇతర ఊళ్లకు పంచి ఇవ్వవలసి వస్తుంది. "ఘంటసాల మా జిల్లావాడు" అని ఒకరు, "కాదు, మా ఊరివాడు" అని మరొకరు కీచులాడుకోవడం మనం చూస్తూనే ఉన్నాం. ఆ కీచులాటకు మూలం కూడా ఈ మట్టి భ్రమే.

నా వాదం ఇది. విజయనగరం ఈ మహనీయుల పుట్టిన ఊరు కాదు, పెట్టిన ఊరు. కొలువు పెట్టిన ఊరు, కూడు పెట్టిన ఊరు, సభ పెట్టిన ఊరు. పుట్టుక దైవాధీనం. పెట్టడం మనుషుల చేతిలోని పని. ఊరి వారసత్వం అంటే ఆ మూడు పెట్టుబడులే. అవి ఉన్నన్నాళ్లూ ఎక్కడెక్కడివారో వచ్చి వెలిగారు. వాటిని మరచి విగ్రహాలకు దండలు వేస్తే, అది వారసత్వం కాదు, తద్దినం.

* * *

మొదట కొలువు సంగతి. 1919లో విజయరామ గజపతి మహారాజు విజయనగరంలో సంగీత పాఠశాల స్థాపించారు. తెలుగునాట శాస్త్రీయ సంగీతానికి ఒక వ్యవస్థగా నిలిచిన తొలి విద్యాలయాల్లో అది ఒకటి. దానికి తొలి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు.

ఈ నియామకంలోని సొగసును మనవారు గుర్తించరు. నారాయణదాసుగారు కేవలం గాయకులు కారు. హరికథకులు. హరికథ అంటే ఏమిటి? ఒకే మనిషి కాలికి గజ్జె కట్టి, చేత చిరతలు పట్టి, పాడి, ఆడి, అభినయించి, కథ చెప్పి, నడుమ పిట్టకథతో నవ్వించి, మళ్లీ పద్యంతో కన్నీరు తెప్పించడం. అంటే నాటకమూ సంగీతమూ సాహిత్యమూ ఒకే దేహంలో కాపురం చేయడం. ఆ దాసుగారే ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ తెచ్చారు. కాళిదాసునూ షేక్స్‌పియరునూ ఒక్కచోట కూర్చి 'నవరస తరంగిణి' వెలయించారు. అటువంటివారిని సంగీత పాఠశాలకు అధిపతిని చేయడమంటే, సంగీతాన్ని మాట నుంచీ అభినయం నుంచీ విడదీసి సీసాలో పెట్టబోమని చెప్పడం. తరువాతి కాలంలో ఆ బడి నుంచి వచ్చినవారి పాటలో మాటకు అంతటి మర్యాద ఎందుకున్నదో తెలియాలంటే ఇక్కడ మొదలుపెట్టాలి.

ద్వారంవారు అదే 1919లో అక్కడ ఆచార్యులైనారు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఆరు. విద్యార్థిగా చేరడానికి వచ్చినవారిని గురువుగా కూర్చోబెట్టారని చెప్పుకుంటారు. 1936లో దాసుగారి తరువాత అధ్యక్షులైనారు. ఫిడేలును పక్కవాద్యపు పీట మీది నుంచి లేపి కచేరీ నడిమధ్య కూర్చోబెట్టిన ఘనత ఆయనది. 1941లో మద్రాసు సంగీత అకాడమీ 'సంగీత కళానిధి' బిరుదుతో గౌరవించినది ఆ విజయనగరం బడిపంతులునే. బడిపంతులు అన్న మాట నేను గౌరవంగానే వాడుతున్నాను. నేనూ ఆ వృత్తిలో తల నెరిసినవాణ్ణే.

ఆస్థాన విద్వాంసుడికీ బడిపంతులుకీ ఉన్న తేడా గమనించండి. ఆస్థాన విద్వాంసుడు రాజుగారి కోసం పాడతాడు. రాజుగారి మనసు మారితే సెలవు పుచ్చుకుంటాడు. ఆయన విద్య కొడుక్కో అల్లుడికో దక్కుతుంది. బడిపంతులు గుమ్మంలోకి వచ్చిన పిల్లవాడికల్లా చెప్పవలసినవాడు. వాడు కృష్ణా జిల్లా వాడా, పక్క వీధివాడా అని అడగడానికి వీల్లేదు. నెల తిరిగేసరికి జీతం వస్తుంది కనుక రేపటి మాట తలచుకుని బెంగపెట్టుకోనక్కరలేదు. విద్య అంతఃపురం దాటి వీధిలోకి వచ్చినది ఈ మార్పు వల్ల. మట్టి వల్ల కాదు, జీతం వల్ల! కళను గురించి మాట్లాడుతూ జీతం ప్రసక్తి తేవడం కొందరికి మోటుగా తోచవచ్చు. తోచనీయండి.

* * *

రెండవది కూడు. ఘంటసాలవారు సంగీతం నేర్చుకోవాలని ఎక్కడో కృష్ణాతీరం నుంచి విజయనగరం చేరిన బాలుడు. తండ్రి లేడు, చేతిలో డబ్బు లేదు. ఊళ్లో మధూకరం చేసుకుని చదువుకున్నారన్న సంగతి జగద్విదితం. జోలె పట్టుకుని ఇంటింటికీ వెళ్లి అన్నం అడిగి తెచ్చుకోవడమే మధూకరం. పట్రాయనివారు ఆ బాలుణ్ణి చేరదీసి గాత్రం నేర్పారు.

ఈ ఘట్టం చెప్పేటప్పుడు మన వక్తలు గొంతు గద్గదం చేసుకుంటారు. "ఎంత కష్టపడ్డారండీ! కష్టంలోంచే కళ పుడుతుంది" అంటారు. అయ్యా, ఆకలిని అలంకారం చేయకండి. ఆకలిలోంచి కళ పుట్టేటట్లయితే ఈ దేశంలో ప్రతి గుడిసెలోనూ ఒక గంధర్వుడు ఉండేవాడు. ఆ కథలో మెచ్చుకోవలసినది ఆకలిని కాదు, దానికి బదులు పలికిన చేతులను. ఏ గడపలో ఏ ఇల్లాలు ఆ జోలెలో ఎన్ని ముద్దలు వేసినదో చరిత్ర రాయలేదు. ఆ పేర్లు మనకు దొరకవు. కాని ఆ ముద్దలు లేకుంటే తెలుగు పాటకు ఘంటసాల లేడు. ఒక నగరపు కళా వారసత్వంలో ఆ పేరులేని ఇల్లాండ్రకు వాటా ఉన్నది. శిలాఫలకం మీద రాజుగారి పేరు ఉంటుంది, మంత్రిగారి పేరు ఉంటుంది. అన్నం పెట్టినవారి పేరు ఎక్కడా ఉండదు.

గురువు ఇచ్చిన కూడు మరొక రకం. పట్రాయనివారు సంగీత విద్వాంసులే కాక కవి. స్వరం సాహిత్యాన్ని మింగివేయకూడదన్నది ఆయన పట్టు. శిష్యుడు పద్యం పాడితే ఆ ఫలితం వినిపిస్తుంది. అంతకు ముందు రంగస్థలం మీద పద్యమంటే రాగాలాపన. పద్యం మూడు వంతులు ఆలాపనలో కొట్టుకుపోయి, ప్రేక్షకుడికి చివరి పాదం మాత్రమే మిగిలేది. ఘంటసాలవారి పద్యంలో అన్వయం తెగదు. ఎక్కడ విరిస్తే అర్థం నిలుస్తుందో అక్కడే విరుస్తారు. చదువురానివాడికి కూడా పద్యం అర్థమైనట్టు తోస్తుంది. సినిమా ఆయనకు కీర్తి ఇచ్చింది, మైకు ఇచ్చింది. ఈ విరుపు నేర్పినది మాత్రం సినిమా కాదు.

* * *

మూడవది సభ. 1892 ఆగస్టు 13న విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభవారు 'కన్యాశుల్కం' నాటకాన్ని తొలిసారి ప్రదర్శించారు. 1897లో అది అచ్చయినది. 1909లో గురజాడవారు దాన్ని ఎంతో పెంచి తిరగరాశారు. ఈనాడు మనం చదువుతున్నది ఆ రెండవ కూర్పునే.

నాటకం తొలి రంగం ఎక్కడ? విజయనగరం బొంకులదిబ్బ. గిరీశం అప్పులు ఎగవేసి, పూటకూళ్లమ్మ డబ్బు తిని, ఊరు విడిచి పోవడానికి దారి వెతుకుతూ నిలబడినది ఆ ఊరి నడిబొడ్డున. అంటే ఆనాటి ప్రేక్షకులు నాటకశాలలో కూర్చుని చూసినది ఏ పురాణకాలపు హస్తినాపురాన్నో కాదు, తమ వీధినే, తమ ఇంటి అరుగునే, తమ మాటలనే. ఆడపిల్లను అమ్ముకునే తండ్రి తమ బంధువు. కొనుక్కునే ముసలివాడు తమ పొరుగువాడు. ఇంగ్లీషు ముక్కలతో బురిడీ కొట్టించే మాటకారి తమ ఊరివాడు.

ఇది గాలి మాట కాదు. ఆనంద గజపతి మహారాజు ప్రోద్బలంతో విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాలలో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాలకు ఒక జాబితా తయారైనది. సమగ్రం కాని ఆ జాబితాలోనే 1034 పెళ్లిళ్లు లెక్కకు వచ్చాయని గురజాడవారు తొలి కూర్పు పీఠికలో రాశారు. ఏడాదికి సగటున 344. ఏడాది వయస్సు పసికందులు కూడా ఆ లెక్కలో ఉన్నారు. నాటకానికి వెనుక ఉన్నది ఆ జాబితా. నాటకం అంకితమైనదీ ఆనంద గజపతికే.

కళలకు కాణాచి అన్న బిరుదుకు విజయనగరం అర్హమైనది ఆ రాత్రి అని నా ఉద్దేశం. తన ముఖం మీద తనకే అద్దం పట్టినప్పుడు ఆ ఊరు అద్దాన్ని పగలగొట్టలేదు. నవ్వింది. నవ్వుతూ సిగ్గుపడింది. నాటకం రాసేవాడు ఒక్కడు ఉంటే చాలదు. తిట్టించుకుని కూడా కూర్చుని చూసే సభ ఉండాలి. ఈనాడు అటువంటి సభ మన ఏ నగరంలో ఉన్నదో చెప్పండి. మన కులంవాణ్ణి విదూషకుణ్ణి చేస్తే చాలు, మనోభావాలు గాయపడ్డాయని ఊరేగింపులు బయలుదేరుతున్నాయి. పాత నాటకంలోని పాత్రల మీద కూడా అభ్యంతరాలు పుట్టుకొస్తున్నాయి. గురజాడ విగ్రహానికి దండ వేసిన చేతితోనే, రేపు మరొక గురజాడ వస్తే అతడి రాతప్రతిని చించుతాం.

నేను పండితశిక్షణ పొందినవాణ్ణి. గురజాడవారు 1914లో గ్రాంథికవాదుల మీద మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం సమర్పించినప్పుడు, ఎదుటి పక్షాన నిలిచిన పండితుల పరంపర నాది. అయినా చెబుతున్నాను. వ్యాకరణం నేర్చినవాడికి గురజాడవారి వాడుకభాషలోని వెయ్యి వన్నెలు మరింత బాగా వినిపిస్తాయి. మధురవాణి పలుకుకూ బుచ్చమ్మ పలుకుకూ భేదం చూపగలగడం ఏ వ్యాకరణానికీ అందని విద్య.

మధురవాణి పేరు వచ్చింది కనుక మరొక మాట. మన కళా వారసత్వపు పట్టికల్లో ఆమె జాతికి చోటు లేదు. జావళీ, పదం, వీణ, అభినయం తరతరాలుగా మోసుకొచ్చిన వేశ్యాకులపు స్త్రీలను సంస్కరణ పేరిట వేదికల మీద నుంచి దింపివేశారు. దురాచారాన్ని తొలగించడం ధర్మమే. దానితోపాటు వారి పేర్లనూ వారి విద్యనూ తుడిచివేయడం ధర్మమా? గురజాడవారు తన నాటకంలో అందరికన్నా మిన్న అయిన బుద్ధినీ, హృదయాన్నీ ఆ వేశ్యకే ఇచ్చారు. ఆయన చూపిన ఆ పాటి న్యాయం ఆయనకు దండలు వేసే మనం చూపలేకపోయాం.

* * *

ఇక సినిమా. "మన కళాకారులను మద్రాసు ఎత్తుకుపోయింది, సినిమా మింగేసింది" అని విలపించేవారున్నారు. నేను వారితో ఏకీభవించను.

1955లో 'కన్యాశుల్కం' చలనచిత్రంగా వచ్చింది. దర్శకులు పి. పుల్లయ్యగారు. గిరీశంగా ఎన్.టి. రామారావుగారు, మధురవాణిగా సావిత్రిగారు. దానికి సంగీతం కూర్చినది ఎవరు? ఘంటసాలవారు. మధురవాణికి పాడినది ఎవరు? సుశీలగారు. పుత్తడిబొమ్మ పూర్ణమ్మ కథను కూడా అందులో కలిపారు. విజయనగరంలో పుట్టిన నాటకానికి, విజయనగరంలో అన్నం అడుక్కుని చదువుకున్నవాడు బాణీ కట్టగా, విజయనగరం సంగీత కళాశాలలో నేర్చిన అమ్మాయి గొంతు ఇచ్చింది. 1892 నాటి రంగస్థలం మీద ఆడవేషాలు మగవారే వేయడం ఆచారం. అరవై మూడేళ్లకు ఆ ఊరి మధురవాణికి ఆ ఊరి ఆడపిల్ల గొంతే దొరికింది. సినిమా తీసినది మద్రాసు తట్టున కావచ్చు. మూడు నాలుగు దశాబ్దాల కిందట ఒక చిన్న ఊరు బడిలోనూ వీధిలోనూ పెట్టిన పెట్టుబడి అక్కడ వడ్డీతో సహా పండింది.

జె.వి. సోదరుల సంగతీ అంతే. రమణమూర్తిగారి గిరీశం, సోమయాజులుగారి రామప్పంతులు చూసినవారు ఆ పాత్రలను మరొక ముఖంతో ఊహించుకోలేరు. సోమయాజులుగారు రెవిన్యూ శాఖలో ఉద్యోగి, డిప్యూటీ కలెక్టరు. ఆఫీసు ఫైళ్ల నుంచి లేచి ముఖానికి రంగు వేసుకున్న మనిషి. నాటకం కూడు పెట్టదని తెలిసీ నాటకాన్ని విడువని ఆ తరం పట్టుదల ఫలితమే 1980లో 'శంకరాభరణం'లో తెరమీద మనకు కనిపించిన ఆ గాంభీర్యం. ఆయన గాయకులు కారు. అయినా సంగీతజ్ఞుడి నడక, మౌనం, కోపం అంత నిజంగా ఎలా పలికించారు? రంగస్థలం నేర్పిన దేహం కనుక.

కాబట్టి సినిమా దోచుకోలేదు. దోచుకుందన్నవారు ఒక విషయం మరుస్తారు. గాదె నుంచి గింజ తీసుకెళ్లడం దోపిడీ కాదు, గాదె ఉన్నదే అందుకు. తప్పు ఎక్కడ జరిగిందంటే, పంట చూసి మురిసినవారు మళ్లీ గాదె నింపలేదు. పాటకు వెలకట్టిన పరిశ్రమ బడికి పైసా బాకీ ఉన్నదని తలచలేదు. ఊరు కూడా అడగలేదు. పేరు చాలుననుకుంది.

"అదంతా రాజుల చలవ. రాజులు పోయాక ఇంకెక్కడి కళ?" అనేవారు మరి కొందరు. రాజుల సొమ్ము ఆకాశం నుంచి రాలినది కాదు, రైతు కట్టిన శిస్తు. ఫిడేలు కమాను మీద రైతు చెమట ఉన్నది. 1948 నాటి చట్టంతో జమీందారీలు రద్దయినాయి. శిస్తు ప్రభుత్వానికి చేరింది. శిస్తుతోపాటు బాధ్యత కూడా చేరాలి కదా? సంగీత కళాశాల ఈనాడు ప్రభుత్వ కళాశాలే. రాజు దయతో పెట్టినదాన్ని ప్రజాప్రభుత్వం ధర్మంగా పెట్టాలి. దయకు మినహాయింపు ఉంటుంది, ధర్మానికి ఉండదు.

"ఇప్పుడు యూట్యూబులో అన్నీ దొరుకుతున్నాయి, గురువెందుకు?" అనే కుర్రవాళ్లకు ఒక్క మాట. వినడానికి అవి అమృతప్రాయం, కాదనను. ద్వారంవారి ఫిడేలు ఇంట్లో కూర్చుని వినగలగడం నా తరానికి కలలో కూడా లేని భాగ్యం. కాని యంత్రం పాడుతుంది, వినదు. నీ శ్రుతి ఎక్కడ జారిందో, నీ పద్యంలో యతి దగ్గర అర్థం ఎలా విరిగిందో అది చెప్పదు. ఆ పని చేయడానికి ఎదుట ఒక చెవి ఉండాలి. ఆ చెవికి జీతం ఉండాలి.

* * *

2020లో విజయనగరంలో మూడు లాంతర్ల స్తంభాన్ని కూల్చివేసినప్పుడు ఎంత గగ్గోలు పుట్టిందో అందరికీ తెలుసు. ఆ బాధ న్యాయమైనది. ఆనవాళ్లు చెరిపేవారిని నిలదీయవలసిందే. కాని నాకొక సందేహం. రాతికట్టడం కూలితే కనిపిస్తుంది కనుక అరుస్తాం. ఒక గురువు పదవీవిరమణ చేసి వెళ్లిపోతే, ఆ కుర్చీ నింపకుండా వదిలేస్తే, ఏ చప్పుడూ వినిపించదు. ఒక వాద్యం నేర్పేవాడు లేక ఆ తరగతి మూతపడితే దుమ్ము లేవదు. దాన్ని ఫోటో తీసి పత్రికకు పంపడానికి లేదు. వారసత్వం నిజంగా కూలేది ఆ చప్పుడు లేని చోటే.

బడుల్లో ఈ కూలడం నా కళ్లెదుటే జరిగింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పద్యపాఠం అంటే మొదట పంతులు రాగయుక్తంగా చదవాలి, తరువాత తరగతి చదవాలి, ఆ తరువాతే అర్థం. ఎనిమిదో తరగతి పిల్లలు ఎక్కడ ఊపిరి తీసుకోవాలో చెవితోనే కనిపెట్టేవారు. నేను దిగిపోయేనాటికి పద్యం నల్లబల్ల మీద భావంగా, భావం గైడులో జవాబుగా, జవాబు అయిదు మార్కులుగా కుదించుకుపోయింది. పరీక్షలో గొంతుకు మార్కులు లేవు. ఒక ప్రైవేటు బడిలో ఒక ఉపాధ్యాయుడు తరగతిలో పద్యం పాడితే, పక్క తరగతికి ఇబ్బందిగా ఉన్నదని వారించారు. ఆ బడిలోనే వార్షికోత్సవం నాడు లౌడుస్పీకర్లు పెట్టి సినిమా పాటలకు గంతులు వేయించారు. అప్పుడు ఎవరికీ ఇబ్బంది కలగలేదు. పద్యం వినని చెవికి ఘంటసాల ఏమి అర్థమవుతాడు? శ్రోత లేనివాడికి గాయకుడెక్కడ?

కనుక నా కోరికలు నాలుగే. విజయనగరం వారికే కాదు, తమ ఊరిని "కళలకు కాణాచి" అని చెప్పుకునే రాజమహేంద్రవరం, తెనాలి, బెజవాడ, వరంగల్లు వారందరికీ ఇవి వర్తిస్తాయి.

ఒకటి: కొత్త విగ్రహం పెట్టబోయే ముందు, సంగీత నృత్య కళాశాలలో ఏ కుర్చీ ఖాళీగా ఉన్నదో లెక్క తీయండి. కుర్చీ నిండాకే కంచు కొనండి.

రెండు: పొరుగూరి నుంచి నేర్చుకోవడానికి వచ్చే పిల్లకూ పిల్లవాడికీ ఉండడానికి గది, తినడానికి అన్నం ఏర్పాటు చేయండి. మధూకరం ఆనాటి ఊరి మర్యాద. ఈనాడు అది మన పరువు తక్కువ.

మూడు: ఏటేటా ఆగస్టు 13న ఊళ్లో 'కన్యాశుల్కం' ఆడించండి. పూర్తిగా ఆడితే ఒక్క రాత్రికి అయ్యేది కాదు. నాలుగు రాత్రులు ఆడండి. దానితోపాటు ఒక కొత్త నాటకం, ఈనాటి కన్యాశుల్కాన్ని, ఈనాటి గిరీశాన్ని చూపించేది, ఒప్పుకుని ఆడనివ్వండి. ఎవరి మనోభావాలైనా గాయపడితే వారికి ముందు వరుసలో కుర్చీ వేయండి.

నాలుగు: పద్యానికి గొంతు తిరిగి ఇవ్వండి. వారానికి ఒక్క పీరియడు, మార్కులు లేకుండా, పిల్లలచేత పైకి చదివించండి.

ఇందులో ఏ ఒక్కటీ కోట్లు అడిగే పని కాదు. ఆర్భాటంగా జరిపే ఒక్క ఉత్సవానికి పందిళ్లకూ ఫ్లెక్సీలకూ అయ్యే ఖర్చు తగ్గించుకుంటే రెండవదీ మూడవదీ గట్టెక్కుతాయి. ఫ్లెక్సీ మీద ఘంటసాలవారి బొమ్మ ఒక పక్క, నాయకుడి బొమ్మ దానికి రెట్టింపుగా మరొక పక్క. వాన పడితే రెండూ చిరుగుతాయి. ఆ గుడ్డకు పెట్టిన డబ్బుతో ఒక పిల్లవాడు ఎన్నాళ్లు భోజనం చేసేవాడో లెక్కవేయమని నా మనవి.

బెంగుళూరులో పుట్టిన పిల్లవాడు, చౌటపల్లిలో పుట్టిన పిల్లవాడు ఏదో ఒక ఊరికి బయలుదేరుతూనే ఉంటారు. ఈ క్షణంలోనూ ఎవడో ఒకడు జేబులో చాలీచాలని డబ్బుతో బస్సు ఎక్కే ఉంటాడు. వాడు దిగిన ఊళ్లో గురువు ఉంటే, అన్నం ఉంటే, వినే సభ ఉంటే, నూరేళ్ల తరువాత ఆ ఊరి మట్టికి మరొక వక్త నమస్కారం పెడతాడు. ఆ వక్తను మన్నించవచ్చు. గుమ్మం మూసిన ఊరిని మాత్రం మన్నించడానికి లేదు.

స్వస్తి.